టవాలు ఏసిన సీటు

పెన్నకు పెద్దనీళ్ళొచ్చి పోయిన మూడో యేడు ఇది, రెండో యేడు కాదు, వనజమ్మ పక్కనున్న ఆడమనిషికి తప్పు చెప్తాంది, వరదొచ్చిన యేడు మా సుమకు పెండ్లి చేసినాం, మరుసటేడు కడుపుతో ఉన్నింది, ఇప్పుడు దాని బిడ్డకు చెవులు కుట్టిస్తాండాం అని వేళ్ళు మడిచి మరీ చెప్తాంది, మధ్యలో ఒక యేడు యాడికి పోయిందో, దాన్నీ వరదే కొట్టుకపోయిందేమో, సరిచేద్దామని ఆదినారాయణకు గొంతుదాకా వచ్చింది గానీ ఊరుకున్నాడు, పెండ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆయన పెండ్లాం వనజమ్మే మాట్లాడతాంది, ఆయన వంతుకు మిగిలింది ఒక దగ్గు, గొంతులో రాయి దొర్లినట్ల ఒకే ఒక దగ్గు, ఎవురైనా చేయగూడని పని చేస్తే వాళ్ళ పక్కకు తిరిగి అట్ల దగ్గుతాడు, తొండూరు పక్కన వాళ్ళ పల్లెలో అందరికీ ఆ దగ్గు తెలుసు, బోరింగు కాడ పండ్లు తోముకునేవాడు గూడా ఆ దగ్గు వింటే పక్కకు జరుగుతాడు, ఈ ప్రొద్దుటూరు బస్టాండులో మాత్రం దానికి విలువే లేదు, పొద్దున్నుంచి దగ్గి దగ్గి గొంతెండింది, అదో ఆ తెల్లచొక్కాయన ఇక్కడ ఉమ్మరాదు అని గోడకు రాసిన చోట సరిగ్గా ఆ అక్షరాల మీదికే ఊంచుతాండాడు, గురి తప్పడం లేదు, ఈ పక్క ఇంకొకాయన బెంచీలో తాను కూర్చొని తన సంచికి ఇంకో సీటిచ్చినాడు, సంచికి కాళ్ళు నొప్పులు గావాల, ఎదురుగా ఒక పిల్ల సెల్లులో సినిమా చూస్తాంది, చూస్తే చూసుకోనీ, ఆ సినిమాలో ఎవురో ఎవురినో నరుకుతాంటే ఆ అరుపులు ఈ పక్క టిఫిను తినేవాళ్ళకు యాలప్పా, అంతా ఒక ఎత్తు, వెనక బెంచీలో ఉన్న ఆ ఫోను పిలగాడు ఒక ఎత్తు.

వాని పేరు ఫరూఖ్ అని బస్టాండుకంతా తెలుసు, కువైట్ నుంచి నెల కింద వచ్చినాడని తెలుసు, చాపాడు పోను నిలబడినాడని తెలుసు, వానికి నిన్న బిర్యానీ పడక కడుపులో మంటగా ఉన్న సంగతీ తెలుసు, అన్నీ వాడే చెప్పినాడు, ఫోను చెవి కాడ పెట్టుకోకుండా అరచేతిలో తమలపాకు మాదిరి పట్టుకొని స్పీకరు పెట్టి, ఇవతల వాడు అరిచేది, అవతల వాళ్ళు అరిచేది, ఆదినారాయణ వాని పక్కకు తిరిగి దగ్గినాడు, వాడు ఫోనులో, ఒక్క నిమిషం భాయ్, ఈడ ఒక పెద్దాయనకు దగ్గు పట్టుకుంది అని చెప్పి, సంచిలో నుంచి నీళ్ళ బాటిలు తీసి, తాగు మామా, దుమ్ముకు అంతే, అన్నాడు, ఆదినారాయణకు ఏం చేయాల్నో తెలీలేదు, తాగినాడు, నీళ్ళు చల్లగానే ఉండాయి, కోపం మాత్రం అట్లే ఉంది, ఇప్పుడు వాడు పెండ్లాన్ని చంటిబిడ్డను తీసుకపోయి ఆ కొసన నిలబడిన జమ్మలమడుగు బస్సు ఎక్కించి వస్తాండాడు, పుట్టింటికి పోతాంది గావాల, ఎక్కించి ఇట్ల తిరిగినాడో లేదో మళ్ళా ఫోను, నౌషీన్, ఎక్కినావా, ఇప్పుడే ఎక్కించినావు గదరా నాయనా, నీ కండ్లతో చూసినావు గదరా.

ఆదినారాయణ చేయి భుజం మీదికి పోయింది, టవాలు కొసన ముడి ఉండాది, గట్టిగానే ఉండాది, లోపల ప్రొద్దుటూరు బంగారంగడి ఆచారి గులాబిరంగు కాగితంలో చుట్టిచ్చిన పోగులు, పసిబిడ్డవి, గోరంత గోరంత, అవి అట్టాంటిట్టాంటి బంగారు గాదు, చిన్నప్పుడు వాళ్ళ నాయన కుట్టిస్తే నిన్నామొన్నటి దాకా ఆదినారాయణ చెవుల్లోనే ఉన్న పోగులు, ముసిలోనికి ఎందుకు, మనవరాలికేస్తే అది నవ్వుతాది అనుకొని తీయించి కరిగిచ్చి పాపకు చేయిచ్చినాడు, రేపు పొద్దున పులివెందులలో సుమ ఇంటికాడ చెవులు కుట్టేది, ఇప్పుడు తన చెవులు తేలికై గాలి ఆ బొక్కల్లో నుంచి పోయొస్తాన్నట్ల ఉంది, యాడ పెట్టినావయా అని వనజమ్మ అంగట్లోనే అడిగింది, ఉండాయిలే అన్నాడు, బస్టాండులో జేబు అనేది దొంగకు పెట్టిన విస్తరి, పెట్టె అంతకన్నా దొంగలది, ఒంటి మీది గుడ్డ కొసన ముడేసుకున్నోడు పోగొట్టుకున్యాడని యాడా వినలే, వాళ్ళ నాయనా అట్లే కట్టుకునేవాడు, ఆయనకు ఆయన నాయన చెప్పింటాడు.

ఇదిగో, అంది వనజమ్మ, నా మోకాళ్ళు నావి గావు ఇయ్యాల, పోయినసారి ముద్దనూరు దాకా నిలబడే వచ్చినా, బస్సొస్తానే నువ్వు కిటికీలో టవాలెయ్, ఆదినారాయణకు ఒళ్ళు మండింది, లోకంలో ఉమ్మేవాళ్ళను ఓర్చుకుంటాడు, అరిచేవాళ్ళను ఓర్చుకుంటాడు, ఈ టవాలేసేవాళ్ళను మాత్రం కాదు, బస్సు నిలబడకముందే దాని ఎంబడి పరిగెత్తి కిటికీలో నుంచి గుడ్డ ఇసిరేస్తే ఆ సీటు వానిదైపోతాదంట, వాడు నింపాదిగా సోడా తాగి ఎక్కొచ్చు, అంతదాకా గుడ్డ కూర్చోనుంటాది, మనుషులు నిలబడుంటారు, సుమ కడుపులో ఉన్నప్పుడు ఇదే వనజమ్మ ఒంటిచేత్తో కమ్మీ పట్టుకొని నిలబడింటే పక్క సీటులో ఎవని పచ్చ కర్చీపో దొరసాని మాదిరి కూర్చోనుండె, ఆపొద్దు నుంచి ఒట్టేసుకున్యాడు, సచ్చినా గుడ్డెయ్యను అని, ఆ మాటే చెప్దామని నోరు తెరిచేలోగా ఆమె, నువ్వెయ్యకపోతే నేనే నా కొంగేస్తా, మనిషి ఈడ కొంగు ఆడ పోతాది, నీకే నగుబాటు అంది, ఆమె వేసినా వేస్తాది, మోకాలు రుద్దుకుంటాంది, అది వేషం గాదు, రాత్రి నూనె మర్దనా చేసింది తనే గదా, వాపు చేతికి తగిలింది, ఊపిరి పీల్చి లేచినాడు.

బస్సు కదుల్తాంది, నెమ్మదిగా, దాని పక్కన జనం జరుగుతాండారు, తమ బస్సే వస్తాంది గావాల, ఇదే అదను అనుకున్నాడు, పరిగెత్తినాడు, పంచె ఒక చేత్తో ఎత్తిపట్టి, పొలంలో ఆవును మళ్ళేసినప్పటి పరుగు ఇన్నాళ్ళకు మళ్ళా కాళ్ళకు గుర్తొచ్చింది, ముందు నుంచి మూడో కిటికీ, లోపల ఎవురో అప్పుడే లేచిన ఖాళీ సీటు, భుజం మీది టవాలు లాగి ఇసిరితే అది గాలిలో కొంగ మాదిరి రెక్కలిప్పి కిటికీ కమ్మీల మధ్య దూరి సీటు నడిమధ్య పడింది, ఆహా, ఎవురైనా చూసినారా అని చుట్టూ చూసినాడు, అంత చక్కంగా పడినందుకు సిగ్గుతో గూడా ఒక సంతోషం, ఒట్టు పోతే పోయింది గానీ గురి గురే, ఇంక బస్సు నిలబడాల, నిలబడలే, తలుపు కాడికి పోదామంటే తలుపు ముందుకు పోతాంది, వెనక నుంచి వనజమ్మ కేక, యోవ్, అది పోయే బస్సయా, వచ్చేది గాదు, జమ్మలమడుగు పోయేది, అయ్యో నీ టవాలు పాడుగాను, బస్సు గేటు దాటి మలుపు తిరిగి పొగ వదిలిపోయింది, లోపలికొచ్చే బస్సుకు ఎవురైనా ఏస్తారు, బయటికి పోయే బస్సుకు ఏసినోడు ఈ జిల్లాలో తనొక్కడే, జనం నవ్వుతాండారు, ఆ ఉమ్మే తెల్లచొక్కాయన గూడా నోట్లో గుట్కాతోనే నవ్వుతాండాడు, పోతే పోనీలే, పాత టవాలే గదా అని ఆదినారాయణ తనూ కొంచెం నవ్వబోతాంటే, అలవాటు చొప్పున చేయి భుజం మీదికి పోయింది.

భుజం ఉత్తగా ఉంది, ముడి, ముడి టవాలుకుండాది, టవాలు బస్సులో ఉండాది, అందుకేనా అంత చక్కంగా పడింది, కొసన బరువుండబట్టే గదా, రేపు పొద్దున చెవులు కుట్టే ఆచారొస్తాడు, పాపను మేనమామ ఒడిలో కూర్చోబెడతారు, పోగులేవి నాయనా అని సుమ అడుగుతాది, ఏం చెప్పాల, బస్సుకేసినా అని చెప్పాల్నా, అవి మళ్ళా కొనేటివి గాదు గదా, నాయన చేతుల మీదుగా వచ్చినవి, అరుద్దామా, బంగారముండాది బస్సు నిలపండి అని, అరిస్తే ఆ మాట బస్సు కన్నా ముందుగా జమ్మలమడుగు చేరతాది, దారిలో ఎక్కే ప్రతివానికీ ఆ సీటే కనపడతాది, వనజమ్మకు చెప్పేదానికీ లేదు, ఆమెకు చెప్తే ఊరికి చెప్పినట్లే, ఎట్లప్పా, జీవితమంతా మాట్లాడనోనికి ఇప్పుడు నిజంగానే మాట్లాడగూడని మాట ఒకటి దొరికింది.

అప్పుడే వినపడింది, వెనక బెంచీలో నుంచి, పెద్దగా, స్పీకరులో, ఆడపిల్ల గొంతు, ఉర్దూ సగం తెలుగు సగం, సీటు యాడిది, నిలబడే ఉండా, సందు లేదు, ఒకే ఒక సీటుండాది గానీ ఎవురో కిటికీలో నుంచి టవాలేసినారు, మనిషి ఎక్కలే, ఇదో చూడు అందరూ తిడతాండారు, ఆదినారాయణ తల తిప్పినాడు, ఫోనులో బస్సంతా ఉంది, ఇంజను మోత, పిల్లోని ఏడుపు, ఎవరో మగగొంతు, ఎవడ్రా వాడు, టవాలేసి బజ్జీలు తిననుపోయిన మొగోడు, ఇంకొకామె, చేతులిరగ, బిడ్డతల్లి నిలబడింటే గుడ్డ కూర్చోనుండాదే, కండక్టరు, ఎవురిదప్పా ఈ టవాలు, దీనికి టికెట్టు కొట్టాల్నా వద్దా, పెద్ద నవ్వు, తనను బస్సంతా తిడతాంటే బస్టాండులో కూర్చొని వినే భాగ్యం ఎవురికైనా దక్కిందా, తాను ఇన్నేండ్లుగా మనసులో తిట్టిన తిట్లన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా, తన నెత్తికే వచ్చి పడతాండాయి, అన్నీ న్యాయమైనవే, పైగా ఒక్కటి విని ప్రాణం లేచొచ్చింది, అంత తిడతాండారు గానీ ఒక్కరూ కూర్చోలేదు, ఒక్కరూ ఆ గుడ్డ తీసి పారేయలేదు.

నాయనా, అన్నాడు ఆదినారాయణ, తన గొంతేనా అనిపించింది, ఆ టవాలు నాది, ఫరూఖ్ ఎగిరి లేచినాడు, నీదా మామా, ఏయ్ నౌషీన్, దొరికినాడు దొరికినాడు, టవాలాయన ఈడే నా పక్కనే ఉండాడు, తప్పు బస్సుకేసినాడంట, ఫోనులో బస్సు బస్సంతా ఓహో అని నవ్వింది, వనజమ్మ లేచొచ్చి, మేము పులివెందుల పోవాల కొడుకా, ఈయన జన్మలో ఒక్కసారి టవాలేసినాడు, అదీ పోయే బస్సుకేసినాడు అని ఫోనుకే మొరపెట్టుకుంటాంది, ఆదినారాయణకు అవేవీ చెవికెక్కడం లేదు, ఇప్పుడేం చెప్పాల, ఎవురూ తాకొద్దు, నేనొచ్చేదాకా సీటు అట్లే ఉండనీ అని చెప్తే అది జమ్మలమడుగు దాకా అట్లే ఉంటాది, ఆ గుడ్డకు కాపలా అక్కర్లేదు, ఊరి వాడుకే కాపలా, అదే మేలు, ముడి ఎవురి కంటా పడదు, ఆ అమ్మాయి నిలబడనీ, నిలబడితే ఏమవుతాది, దగ్గరే గదా జమ్మలమడుగు, పిల్లోని ఏడుపు ఫోనులో నుంచి వస్తానే ఉంది, ఒంటిచేత్తో కమ్మీ పట్టుకొని ఒంటిచేత్తో బిడ్డను పట్టుకొని ఉంటాది, బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆ ఏడుపు ఎగిరెగిరి పడతాంది, దొరసాని మాదిరి కూర్చున్న ఆ పచ్చ కర్చీపు కండ్ల ముందుకొచ్చింది, ఆపొద్దు దాన్ని ఏసినోడు గూడా ఏదో ఒక బంగారం మూటగట్టుకొనే ఉండెనేమో ఎవురికి తెలుసు, అయినా వనజమ్మ నిలబడింది గదా.

ఆ పాపను కూర్చోమని చెప్పు నాయనా, అన్నాడు, సీటులో ఆ యమ్మిని కూర్చోమను, గుడ్డ చేతికి తీసుకోమను, నా గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకోమను, ఫరూఖ్ ఆ మాట అట్లే అరిచినాడు, అవతల ఏదో సర్దుకుంటున్న చప్పుడు, పిల్లోని ఏడుపు ఆగింది, కూర్చుంది గావాల, హమ్మయ్య అని ఎవురో అన్నారు, ఆ తర్వాత ఫోనులో ఏ మాటా లేదు, ఉత్త ఇంజను మోత, ముడి చేతికి తగిలింటాది, తగిలింది, తప్పకుండా తగిలింది, ఆదినారాయణ ఫోను పక్కకే చూస్తాండాడు, అప్పుడు జరిగింది అది, పొద్దున్నుంచి తమలపాకు మాదిరి అరచేతిలో ఉన్న ఫోనును ఫరూఖ్ మొదటిసారి స్పీకరు ఆపి చెవి కాడ పెట్టుకున్నాడు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు, ఊ, ఊ, అచ్ఛా, అన్నాడు, అంత మెల్లగా వాడు మాట్లాడగలడని ఎవురూ అనుకోరు, ఫోను జేబులో పెట్టి వంగి, ఆదినారాయణ చెవి కాడికొచ్చి, పోగులు లేని ఆ ఉత్త చెవి కాడికొచ్చి, మామా, కొసన ముడి ఉండాదంట, విప్పలేదంట, ఎవురికీ చెప్పకుండా బురఖా లోపల చుట్టి పెట్టుకున్యాదంట, జమ్మలమడుగు బస్టాండులోనే దిగి నిలబడుంటాదంట, నువ్వు నింపాదిగా రా, అన్నాడు, ఏం చెప్పినాడు, ఏం చెప్పినాడు అని వనజమ్మ, ఏంలేదు అత్తా, టవాలు శానా మెత్తగా ఉండాదంట, అన్నాడు ఫరూఖ్, మళ్ళా పాత గొంతుతో, బస్టాండు అదిరేటట్ల.

జమ్మలమడుగు పోయే ఇంకో బస్సొచ్చింది, ఇది వచ్చే బస్సే, ఫరూఖ్ ముందుగా రెండుసార్లు చూసుకొని మరీ చెప్పినాడు, చెప్పి తన కర్చీపూ తన టోపీ తీసి కిటికీలో ఇసిరినాడు, ఇద్దరికీ రెండు సీట్లు, పాత టవాలుకు ఇంత తిరుగుడా అని వనజమ్మ గొణిగింది గానీ జమ్మలమడుగు నుంచీ పులివెందులకు బస్సుండాదని ఎక్కింది, వాని చాపాడు బస్సు అవతల హారన్ కొడతాంటే కొట్టనీలే మామా అన్నాడు, కిటికీ కాడ నిలబడి కర్చీపూ టోపీ తిరిగి తీసుకున్నాడు, ఆదినారాయణ ఏదన్నా అనాల్నని శానా కష్టపడినాడు, దగ్గొచ్చింది, దుమ్ము మామా దుమ్ము, అని నవ్వినాడు వాడు, బస్సు కదిలింది, ముందు సీటాయన సీటు మీద కాళ్ళు పెట్టుకున్యాడు, వెనక ఎవురో సెల్లులో పాట పెట్టినారు, ఒకామె చెనిక్కాయలు తిని తొక్కలు కిందనే వేస్తాంది, గాలికి అవి ఎగిరి ఆదినారాయణ పంచె మీద వాలతాండాయి, దులుపుకుంటాండాడు గానీ దగ్గు రావడం లేదు, పక్కన నిద్రపోయినాయన తల మెల్లగా ఒరిగి ఆయన భుజం మీదికే వచ్చింది, టవాలు లేని భుజం, మెత్తగుంది గావాల, మామూలుగా అయితే భుజం ఒక్క దులుపు దులిపేవాడు, ఇయ్యాల ఉండనీ అనుకున్యాడు, వాని తలా ఎవురో ఒకరి మీద ఉండాల గదా, అయినా లోపల ఒక పురుగు తొలుస్తానే ఉంది, ఆ పిల్ల దిగకుండా పోతే, దిగి నిలబడకపోతే, బంగారం బంగారమే గదా, ఛీ అనుకున్యాడు, మళ్ళా అదే ఆలోచన, కిటికీలో నుంచి కొర్ర చేన్లు పోతాండాయి, ఎర్రనేల, నాపరాళ్ళ కుప్పలు, వనజమ్మ మాత్రం పక్కామెకు వరద లెక్క మొదలుపెట్టింది, ఈసారి ఇంకో యేడు తగ్గింది.

జమ్మలమడుగు బస్టాండులో దిగుతానే నౌషీన్ కనపడింది, కొళాయి పక్కన, నల్లబురఖాలో, భుజం మీద పిల్లోడు నిద్రపోతాండాడు, పక్కనే ముసలామె, ఆ అమ్మాయి తల్లి గుల్జార్‌బీ అంట, కూతురిని ఇంటికి తీసుకపోను వచ్చింది, వచ్చి తనూ నిలబడింది, ఎండలో, ఆదినారాయణను చూస్తానే, టవాలన్న వచ్చినాడు, అంది ఆమె, మీ మొగోనికి గురి బాగుందక్కా, బస్సే తప్పింది, వనజమ్మకు మాటకు మాట దొరికింది, ఇంకేం, ఇద్దరూ పుట్టిన్నాటి నుంచి తెలిసినోళ్ళ మాదిరి మొదలుపెట్టినారు, నౌషీన్ లోపల నుంచి టవాలు తీసి రెండు చేతులతో ఇచ్చింది, మడతపెట్టి ఉంది, ఒక మూల తడిగా ఉంది, పిల్లోడు చప్పరించినాడు తాతా, ఏమనుకోవద్దు, అంది, ముడి పైకే ఉండాది, వేసిన ముడి వేసినట్లే, వాళ్ళ నాయన నేర్పిన ముడి, ఇంకొకరు విప్పి మళ్ళా వేస్తే అట్ల రాదు, ఆయనకు తెలుసు, విప్పి చూసుకోవాలనిపించలేదు, ఆ పిల్ల ముందర విప్పితే అది మర్యాద గాదు, భుజం మీద వేసుకున్యాడు, బరువు వచ్చి చేరింది, పాణం వచ్చి చేరినట్ల, అంతలో వనజమ్మ కండ్లు ఆ ముడి మీద పడినాయి, ఏందది, ఏంది ఆ ముడి, ఆయన ముఖం చూస్తానే ఆమెకు అర్థమైపోయింది, అయ్యో అయ్యో, పాప పోగులు దాంట్లో కట్టి బస్సుకేసినావా, ఓ గుల్జారక్కా, విన్యావా, సీటు కోసం జనం కర్చీపేస్తారు, పేపరేస్తారు, ఈయన బంగారమేసినాడమ్మా, గుల్జార్‌బీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది, నౌషీన్ నవ్వు ఆపుకోలేక పిల్లోని లేపేసింది, వాడు లేచి ఏడ్చినాడు, జమ్మలమడుగు బస్టాండంతా తిరిగి చూసింది, చూడనీ, ఇంత గోల తన మూలంగా ఎప్పుడన్నా జరిగిందా, ఆదినారాయణకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఇంకా నవ్వొచ్చింది, ఆ పిల్లోనికి అరటిపండ్లు కొనిచ్చినాడు, నౌషీన్ వనజమ్మ సెల్లులో ఫరూఖ్ నెంబరు కొట్టిచ్చి, పాపకు చెవులు కుట్టినాక ఒక్క మాట చెప్పు తాతా, మాకూ మనసులో ఉంటాది, అంది.

పులివెందుల బస్సు సాయంత్రం దొరికింది, నిండా జనం, ముద్దనూరు దాటే దాకా ఆదినారాయణ నిలబడే ఉన్నాడు, కాళ్ళు చాపుకున్న ఒకామె కాళ్ళు ముడుచుకొని, రా అవ్వా కూర్చో అని వనజమ్మకు చోటిచ్చింది, కిటికీ పక్కన ఒక సీటులో ఎవురిదో నీలం కర్చీపు కూర్చోనుంది, దాని పక్కన కమ్మీ పట్టుకొని ముగ్గురు నిలబడుకొని దాన్ని తిట్టుకుంటాండారు, ఎవడో వీడు, సిగ్గులేనోడు, మనిషికో న్యాయం గుడ్డకో న్యాయమా, తిడతాండారు గానీ ఎవురూ దాన్ని తాకడం లేదు, బస్సు కుదిపితే అది జారి కిందపడబోతే తిట్టే ఆయనే వంగి తీసి మళ్ళా సీటు మీద సరిగ్గా పరిచి మళ్ళా తిట్టడం మొదలుపెట్టినాడు, ఆదినారాయణ అది చూసినాడు, ఇన్నేండ్లుగా ఇదే బస్సులో తిరుగుతాండాడు, తిట్లొక్కటే విన్నాడు, ఆ వంగి తీసి పరిచేది ఎప్పుడూ కంటపడలే, ఎవురో ఏందో తెలీనివాని గుడ్డ, వాడు ఎక్కుతాడో లేదో గూడా తెలీదు, అయినా మనిషొస్తాడు, మనిషిది అని చోటు పెట్టుకోనుంటారు, నోటితో సంపేస్తారు, చేత్తో కాపాడతారు, ఈ జనం ఇంతే, తనే తిరకాసు, ఇన్నాళ్ళూ నోరు మూసుకొని ఎవురికి ఏం కాపాడినాడు, ముద్దనూరులో ఆ నీలం కర్చీపాయన చెమటలు కక్కుతా ఎనక నుంచి జనంలో దూరి వచ్చి, ఎనక కిటికీ కాడ మా పాప వాంతి చేసుకుంటే ఇంతసేపూ పట్టుకున్యానప్పా, అన్నాడు, ముగ్గురూ, ఓ అట్లనా, కూర్చో కూర్చో, పాపకెట్లుంది, అన్నారు, టవాలు ముడి పట్టుకొని ఆదినారాయణ కండ్లు మూసుకున్యాడు, మనుషుల రొద అంటే మనుషులుండారనే గదా, ఇంకేముంది దాంట్లో.

తెల్లారి పొద్దున్నే మేనమామ అవినాష్ ఒళ్ళో పాప లహరిని కూర్చోబెట్టినారు, ఆచారి సూదితో ఒక్క పోటు పొడిచి పోగు తిప్పినాడు, పాప పెట్టిన కేకకు గోడ మీది కాకులు లేచిపోయినాయి, రెండో చెవికి వీధికుక్కలు మొరిగినాయి, ఎంత బాగా అరుస్తాదో తల్లి, ఆ గోరంత పోగులు ఎర్రబడిన ఆ చెవుల్లో కదుల్తాంటే ఆదినారాయణ చేయి తన ఉత్త చెవి కాడికి పోయి నవ్వుకుంటా దిగింది, సుమా, మీ అమ్మ ఫోనులో ఫరూఖ్ నెంబరుండాది, కొట్టు, అన్నాడు, స్పీకరు పెట్టు, సుమ తన తల్లి పక్క చూసింది, నాయన నోట స్పీకరు అనే మాట, ఆయన ఫోనును అరచేతిలో తమలపాకు మాదిరి పట్టుకొని వాకిలి దాటి నడివీధిలోకి వచ్చి నిలబడినాడు, ఏడ్చే పాపను వనజమ్మ ఎత్తుకొని ఎంబడే వచ్చింది, అవతల, రాత్రికే జమ్మలమడుగు అత్తగారింటికి చేరుకున్న ఫరూఖ్, మామా, కుట్టినారా మామా, పక్కన నౌషీన్, వాళ్ళ పిల్లోని కేక, అందరూ ఒకేసారి, ఎదురింటి అరుగు మీద పేపరు చదివే ముసలాయన పేపరు దించి, ఈ పక్కకు తిరిగి, దగ్గినాడు, ఒకే ఒక దగ్గు, గొంతులో రాయి దొర్లినట్ల, ఆదినారాయణకు ఆ దగ్గు బాగా అర్థమైంది, ఆ ముసలాయన పక్క చూసి నవ్వినాడు, ఫోనును పాప నోటి కాడికి ఇంకా దగ్గరగా పెట్టి, వీధి ఆ కొసకు వినపడేటట్ల అరిచినాడు, వినపడతాందా నాయనా, మా పాప ఏడుస్తాండాది, వినపడతాందా!